కాలువ గట్టున దాచిన పెట్టె

 

గోదావరి డెల్టాలో పుట్టిన మనం కాలువ నీరు తాగి, కాలువలో ఈత నేర్చి, కాలువ నీటితో పంట పండించుకున్నవాళ్ళమే. అయితే ఒక్క ప్రశ్న అడుగుతాను, మనసులోనే జవాబు చెప్పుకోండి. మీ చేలో పారే నీరు ఏ బోదె నుండి వస్తున్నది? ఆ బోదెకు ఏ తూము? ఆ తూము ఏ శాఖ కాలువ మీద ఉన్నది? ఆ శాఖ ప్రధాన కాలువ నుండి ఎక్కడ చీలుతున్నది? ఇదంతా కాళ్ళతో నడిచి కళ్ళతో చూసినవారు మనలో ఎంతమంది? నా మట్టుకు నేను అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా చూడలేదు. రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో చూశాను. అది కూడా నా అంతట నేను బయలుదేరినది కాదు. మా మనవరాలు ఆట పేరు చెప్పి నన్ను నడిపించింది. ఆ ఒక్కరోజు నడకలో తెలుసుకున్న చరిత్రను, దానితోపాటు నేను పడిన సిగ్గును మీకు చెప్పుకుంటాను.

ముందు ఆ ఆట సంగతి వినండి. దాని పేరు జియోకాషింగ్. జియో అంటే భూమి. కాష్ అంటే దాచిపెట్టిన వస్తువు. ఒకరు ఒక డబ్బాలో చిన్న పుస్తకం, పెన్సిలు, నాలుగు బొమ్మలో బిళ్ళలో పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటు ఇది అని మాటల్లో చెప్పరు, అంకెల్లో చెప్తారు. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత అని. రెండవవారు ఆ అంకెలను సెల్‌ఫోనులో వేసుకుని, అది చూపిన దిక్కుకు నడిచి, చుట్టూ వెతికి డబ్బా పట్టుకుంటారు. పుస్తకంలో పేరూ తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటనే తిరిగి పెట్టి వస్తారు. దానిలోనుండి ఒక వస్తువు తీసుకుంటే బదులుగా ఇంకొకటి పెట్టాలి. అదీ నియమం.

ఇది పుట్టి ఎంతో కాలం కాలేదు. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికావారి ఉపగ్రహాలు సంకేతాలు పంపుతూ ఉంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, అవి బయలుదేరిన వేళకూ మనకు చేరిన వేళకూ తేడాను బట్టి మనం ఎక్కడున్నామో యంత్రం లెక్క కడుతుంది. అయితే 2000వ సంవత్సరం దాకా మామూలు ప్రజలకు అందే సంకేతంలో కావాలనే తప్పు కలిపేవారు. ఆ తప్పువల్ల చోటు మూడువందల అడుగులు అటూ ఇటూ అయ్యేది. ఆ ఏడు మే నెల మొదట్లో ఆ తప్పు కలపడం మానేశారు. మానేసిన ఒకటి రెండు రోజుల్లోనే, మే 3వ తేదీన, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు దాచి దాని అంకెలు ప్రకటించాడు. అందులో పుస్తకాలతోపాటు ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉన్నదట. మూడు రోజులు తిరగకుండానే దానిని వెతికి పట్టుకున్నారు. ఇప్పుడు లోకంలో ఇటువంటి పెట్టెలు ముప్పయి లక్షలకు పైగా ఉన్నాయి.

దీనికి ముందే ఇంగ్లండులో ఇటువంటి అలవాటొకటి ఉండేది. డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరట్ అనే దారి చూపేవాడు 1854లో ఒక సీసా పెట్టి, అంత దూరం నడిచి వచ్చినవారు తమ పేరు చీటీ అందులో వేసేటట్లు ఏర్పాటు చేశాడు. ఆ 1854 అన్న అంకె వినగానే నాకు మన ఆనకట్ట గుర్తుకు వచ్చింది. అప్పటికి అది కట్టి రెండేళ్ళు.

ఇక మా నడక సంగతి. మా మనవరాలు రాజమండ్రిలో కాలేజీ చదువుతున్నది. తన స్నేహితురాళ్ళతో కలిసి, నీటిపారుదల శాఖవారిని అడిగి, ధవళేశ్వరం నుండి మా ఊరి దాకా తూర్పు డెల్టా కాలువ గట్ల వెంట నాలుగు డబ్బాలు దాచింది. ప్రతి డబ్బాలోనూ ఒక ప్రశ్న. మేము నలుగురం బయలుదేరాము. నేను, మనవరాలు, మా ఊరి వ్యవసాయ సహాయకుడు, నాలుగో మనిషి మా బావగారు. ఆయన పొలం అదే శాఖకు శివారున ఉన్నది, నాది ఎగువన ఉన్నది. దాళ్వా నాట్లనాటికి మా ఇద్దరి మధ్య నీటి తగాదా ఏటా తప్పదు. "బావగారూ, మీ మడిలో కప్పలు ఈదుతుంటాయి, మా మడిలో నెర్రెలు నోరు తెరుచుకుంటాయి" అనేది ఆయన పాత మాట. "నీరు వచ్చినదే తక్కువైతే నేనేం చేసేది?" అనేది నా పాత జవాబు.

మొదటి డబ్బా ధవళేశ్వరంలో, తలతూముకు కనుచూపు దూరంలో ఉన్నది. దాని అంకెలు సుమారు 16 డిగ్రీల 56 నిమిషాలు ఉత్తరం, 81 డిగ్రీల 46 నిమిషాలు తూర్పు. నిమిషం అంటే గడియారంలో నిమిషం కాదు. ఉత్తర దక్షిణాల కొలతలో ఒక నిమిషం అంటే 1,850 మీటర్ల దూరం. అందులో వెయ్యోవంతు ఒక మనిషి ఎత్తంత. గనుక నిమిషం పక్కన మూడు అంకెలు వేస్తే డబ్బా దగ్గరికే పోవచ్చును. అయితే చింతచెట్టు కింద ఫోను చూపు కొంచెం తప్పుతుంది. ఆకాశం కనపడకపోతే సంకేతం సరిగా అందదు. ఆఖరి నాలుగడుగులూ మన కళ్ళతోనే వెతకాలి.

ఆ డబ్బాలో ప్రశ్న ఇది: "ఈ గోదావరిని ఎన్ని చేతులు పట్టి ఆపినవి?" జవాబు నాలుగు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నదికి అడ్డంగా నాలుగు భాగాలు. మధ్యలో లంకలు. ఆ రోజుల్లో కట్టిన ఆనకట్టకు మొత్తం మీద రెండుంబావు మైళ్ళ కట్టుబడి. 1847లో పని మొదలై 1852లో ముగిసింది.

ఎందుకు కట్టారో కూడా తెలుసుకోవాలి. ఆనకట్టకు ముందు ఈ సీమ అన్నపూర్ణ కాదు. నది నిండుగా పారుతూనే ఉండేది, గట్టున ఊళ్ళు ఎండుతూనే ఉండేవి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు సీమను ఊళ్ళకు ఊళ్ళుగా ఖాళీ చేసింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. జనం తగ్గిపోయారు, శిస్తు తగ్గిపోయింది. శిస్తు తగ్గినాకనే దొరలకు చురుకు తగిలిందని చెప్పక తప్పదు. సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి జిల్లా దుస్థితిని విచారించి 1844లో నివేదిక ఇచ్చాడు. ఆ పని మీద వచ్చిన ఇంజనీరు ఆర్థర్ కాటన్. 1803లో పుట్టి, 1899లో పోయిన మనిషి.

ఇక్కడ ఒక మాట విస్తరణ కార్యకర్తలు ప్రత్యేకంగా గమనించాలి. ఇసుకలో ఆనకట్ట నిలుస్తుందనే ధైర్యం కాటనుకు సీమలో చదివిన చదువుతో రాలేదు. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఇసుక మీదనే శతాబ్దాలుగా నిలిచి ఉన్నది. దానిని కళ్ళారా చూసి నేర్చుకున్నాడు. ఊరివాళ్ళ పాత పనిని పరీక్షగా చూసినవాడే కొత్త పని చేయగలిగినాడన్నమాట. ఇక్కడ ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న గారి పేరు కూడా ఆనకట్టతోపాటు చెప్పుకోవాలి. ధవళేశ్వరం కొండ రాళ్ళను కొట్టి, మోసి, నీళ్ళలో దింపిన వేలమంది కూలీలకు పేర్లు లేవు, చెప్పుకుందామన్నా దొరకవు.

ఆ ఆనకట్ట నూరేళ్ళకు పైగా పనిచేసి బలహీనపడింది. 1970లో కొత్త బారేజి పని మొదలై, 1982 నాటికి పూర్తయింది. దానికి 175 గేట్లు: ధవళేశ్వరంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. ఈ నీటి కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. మేము పుస్తకంలో పేర్లు రాసి, డబ్బా యథాస్థానంలో పెట్టి, గట్టు పట్టుకుని నడిచాము.

కాలువ గట్టు మీద నడవడమంటే పాత రహదారి మీద నడవడమే. ఈ కాలువలు పంటకు మాత్రమే తవ్వినవి కావు, పడవలకు కూడా తవ్వినవి. రైలుకన్న జలమార్గమే చౌక అని కాటను జీవితమంతా వాదించాడు. గాలి అనుకూలమైతే తెరచాప, లేకపోతే తాడు. ఇంగ్లండులో గుర్రాలు గట్టున నడుస్తూ పడవను లాగేవి. మన దగ్గర మనుషులు భుజానికి తాడు వేసుకుని లాగేవారు. కాకినాడలో ఎక్కిన సరుకు తూర్పు డెల్టా కాలువల మీద ధవళేశ్వరం చేరి, గోదావరి దాటి, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలో దిగి, ఏలూరు కాలువ మీదుగా కృష్ణకు వచ్చి, కొమ్మమూరు కాలువ పట్టుకుని, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు చేరేది. అంతా నీటి మీదనే. తరవాత రైళ్ళు, లారీలు వచ్చి పడవలు తగ్గిపోయినవి. 2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ నుండి పుదుచ్చేరి దాకా ఈ మార్గాన్నే నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది.

రెండవ డబ్బా ఒక లాకు దగ్గర దొరికింది. ప్రశ్న: "ఈ తలుపులు మూసినప్పుడు తిన్నగా ఎందుకు నిలబడవు?" లాకు తలుపులు చూశారు గదా, రెండు రెక్కలూ కలిసినచోట ఎగువకు మొన తేలి ఉంటాయి. మా వ్యవసాయ సహాయకుడు కుర్రవాడు కాసేపు ఆలోచించి చెప్పాడు. ఎగువ నీరు తోసిన కొద్దీ ఆ రెండు రెక్కలూ ఒకదానిని ఒకటి బిగించుకుంటాయి. ఎంత నీరు నెట్టితే అంత గట్టిగా మూసుకుంటాయి. పడవ దిగువకు పోవాలంటే రెండు జతల తలుపుల మధ్యనున్న గదిలోకి వస్తుంది. వెనుక తలుపులు వేస్తారు. ముందు తలుపుల చిన్న తూములు ఎత్తితే గదిలో నీరు మెల్లగా దిగువ మట్టానికి దిగుతుంది, పడవ కూడా దానితో దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. ఎద్దూ అక్కరలేదు, యంత్రమూ అక్కరలేదు.

లాకు ఉన్నదంటే అక్కడ నేల మెట్టు దిగిందన్నమాట. ఈ మాటే మూడవ డబ్బాకు దారి తీసింది. అది కాలువ గట్టుకూ మురుగు కాలువకూ మధ్య పల్లంలో, తాటిచెట్టు మొదట్లో ఉన్నది. ప్రశ్న: "పంట కాలువ ఎత్తా, మురుగు కాలువ ఎత్తా?"

మా బావగారు నవ్వి, "ఇది చిన్నపిల్లాడు చెప్తాడు, పంట కాలువే ఎత్తు" అన్నారు. ఎందుకు ఎత్తు అంటే మాత్రం ముగ్గురమూ తడుముకున్నాము. సంగతి ఇది. నది వరదలు వచ్చినప్పుడల్లా తన గట్ల దగ్గరనే ఎక్కువ ఒండ్రు దింపుతుంది. దూరం పోయే కొద్దీ తక్కువ దింపుతుంది. అందువల్ల డెల్టాలో నది పల్లాన పారదు, మిట్ట మీదనే పారుతుంది. పాత పాయలు పారిన చోట్లు కూడా మిట్టలే. అటువంటి మిట్టలు పట్టుకుని కాలువ తవ్వితే నీరు రెండు పక్కలకూ తనంత తానే దిగుతుంది. రెండు మిట్టల మధ్య పల్లం మురుగుకు వదిలినారు. మిట్ట మీద పంట కాలువ, పల్లంలో మురుగు కాలువ, ఇదే మన డెల్టా అమరిక. ఈ ఎత్తుపల్లాల తేడా మైలుకు ఒక అడుగో, అంతకు తక్కువో. కంటితో చూసి చెప్పగలరా? చెప్పలేరు. అటువంటి నేల మీద నీటిని సముద్రం దాకా నడిపించినారంటే, అది మట్టి పని మాత్రమే కాదు, కొలత పని.

ఆ కొలత ఎంత కచ్చితంగా సాగిందో తెలియాలంటే గన్నవరం అక్విడక్టు కథ వినాలి. నగరం లంకకు నీరు పోవాలంటే వైనతేయ పాయ అడ్డం. ఇంజనీరు హేగ్ ఆ పాయ మీద 49 కమానులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున కట్టించి, వాటి మీదుగా కాలువనే దాటించాడు. కింద నది, పైన కాలువ. నూట నలభై ఏళ్ళకు మించి అది పనిచేసింది. దాని స్థానంలో కట్టిన కొత్త అక్విడక్టు 2000వ సంవత్సరంలో ప్రారంభమైంది. దానికి ఆ ఊరి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన తల్లి పేరు పొలానికి నీరు మోసే కట్టుబడికి తగినదే.

కొలత మాట వచ్చింది గనుక ఇంకొకటి. సర్వే రాయి విలువ మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గొలుసు పొడవు 66 అడుగులు, అందులో వంద లింకులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ లెక్క ఇంగ్లండులో 1620లో గంటర్ అనే ఆయన పెట్టినది. మన దేశాన్ని త్రికోణాలుగా కొలవడం లాంబ్టన్ అనే ఆయన 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టాడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పొలాల రీసర్వే మొదలైనప్పుడు గొలుసుకు బదులు ఉపగ్రహాల సాయం తీసుకున్నారు. మా మనవరాలు డబ్బా వెతకడానికి వాడినటువంటి సంకేతాలే, మంచి పరికరాలతో పట్టి సవరించుకుంటే, మీ గట్టు ఎక్కడున్నదో అంగుళాలలో చెప్తాయి.

కాని, సోదరులారా, ఒక్క లోటున్నది. చేతిలో ఫోను చోటు చెప్పినంత నమ్మకంగా ఎత్తు చెప్పలేదు. ఎత్తులో అది ఎన్నో అడుగులు తప్పుతుంది. మైలుకు ఒక అడుగు పల్లం ఉన్న మన నేలకు ఆ లెక్క పనికిరాదు. అందుకే కాలువ పనిలో ఎత్తు తెలియాలంటే ఇప్పటికీ లెవెల్ యంత్రం పెట్టి, లాకుల మీద, వంతెనల మీద చెక్కిన బెంచిమార్కు గుర్తునుండి కొలుచుకుంటూ రావలసినదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాలుగవ డబ్బాకు ఇదే కీలకం.

నాలుగవ డబ్బా అంకెలు మా శాఖ కాలువ మీద, మా ఊరికి ఫర్లాంగు ఎగువన చూపినవి. అప్పటికి పొద్దు వాలుతున్నది. దాళ్వా నాట్లు సాగుతున్నాయి. దాళ్వా అంటే తెలుసు గదా, నదిలో నీరు తగ్గిపోయి, సీలేరు నుండి వదిలే నీటి కోసం ఎదురుచూసే కాలం. డబ్బా తుమ్మ మొదలులో దొరికింది. ప్రశ్న: "ఇక్కడి రాయి మీద ఎన్ని గీతలున్నవి?"

అందరూ వెతికినారు. రాయి లేదు. ఆ చోటు మా మనవరాలికి చెప్పినవాడు ఒక ముసలి లస్కరు. ఆయన్ను పిలిపించాము. "ఆయ్, ఉండేదండి. నిలువెత్తు నల్లరాయి. అడుగుకో పెద్ద గీత, మధ్యన చిన్న గీతలు. పొద్దున్నే నీటిమట్టం చూసి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. తరవాత గట్టు కోసుకుపోయి ఒరిగింది. ఎవరో పట్టుకుపోయారండి" అన్నాడు.

మా బావగారు ఉన్నట్టుండి గంభీరంగా అన్నారు: "అది ఉన్నన్నాళ్ళూ మాకు ఇన్ని గొడవలు లేవు. ఎగువన ఇంత మట్టం ఉంటే శివారుకు ఇన్నాళ్ళకు చేరుతుందని మా నాన్నగారు లెక్క చెప్పేవారు. ఇప్పుడు లెక్కెక్కడిది? ఎవరి నోరు పెద్దదైతే వాడిదే నీరు."

నేను మాట్లాడలేదు. ఆ రాయిని పట్టుకుపోయింది నేనే. ముప్పయి ఏళ్ళ కిందట వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు, ఒరిగి పడి ఉన్నదాన్ని బండి మీద ఇంటికి తెచ్చి పెరటి గుమ్మం ముందు మెట్టుగా వేయించాను. గీతలు కాళ్ళకు గుచ్చుకుంటాయని బోర్లా వేయించాను. ఊరికే పడి ఉన్న రాయే గదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అది లేకపోతే నాకు నష్టం లేదని కూడా అనుకుని ఉంటాను. ఎగువ రైతుకు కొలతతో పని ఉండదు. నీరు ముందు అతని గుమ్మం ముందుకే వస్తుంది. కొలత కావలసినది శివారు రైతుకు.

ఆ రాత్రి భోజనాలయ్యాక గడ్డపార తెచ్చి ఆ మెట్టు పెళ్ళగించి తిప్పాను. మా బావగారు లాంతరులాగా ఫోను వెలిగించి గీతలు లెక్కపెట్టారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మనవరాలు మాత్రం, "తాతయ్యా, అన్నిటికన్న పెద్ద కాష్ మీదే" అన్నది.

మర్నాడే రాయిని తీసుకుపోయి పాతేద్దామన్నాను. మా మనవరాలి దగ్గర అంకెలు ఉన్నవి గదా, చోటు తెలుసును. అప్పుడు వ్యవసాయ సహాయకుడు ఆపాడు. "చోటు తెలిస్తే చాలదండి, మట్టం తెలియాలి. రాయి నాలుగు అంగుళాలు కిందికి దిగితే నీరు నాలుగు అంగుళాలు ఎక్కువ చూపిస్తుంది. అబద్ధం చెప్పే రాయికన్న రాయి లేకపోవడమే నయం" అన్నాడు. నిజమే. నీటిపారుదల ఇంజనీరుకు విన్నవించుకున్నాము. వేసవిలో కాలువ కట్టివేశాక, ఆయన లెవెల్ యంత్రంతో వచ్చి, లాకు మీది గుర్తునుండి కొలుచుకుంటూ వచ్చి, రాయి అడుగును కాలువ నేలమట్టానికి సరిచేసి సిమెంటుతో నిలబెట్టించారు. శివారున వంతెన గోడ మీద కూడా అడుగుల గీతలు వేయించారు.

ఆ సార్వా నుండి రెండు చోట్లా ఉదయం, సాయంత్రం మట్టం చూసి రాస్తున్నాము. పుస్తకం ఆ డబ్బాలోనే ఉంటుంది. దీనితో శివారుకు నీరు వెల్లువెత్తిందని నేను చెప్పను. తెలిసినదేమిటంటే, తప్పు ఒకరిది కాదు. కొంత నీరు ఎగువన మేము తూము పక్కన పెట్టుకున్న కంతల గుండా పోతున్నది. కొంత పూడిక, గుర్రపుడెక్క అడ్డుకుంటున్నవి. కంతలు మేము మూసుకున్నాము. డెక్క కలిసి తీశాము. వంతులు పెట్టుకున్నాము. వంతు తప్పినవాడిని పుస్తకం చూపించి అడుగుతున్నాము. తగాదా పూర్తిగా పోలేదు. తగాదాకు ఒక ఆధారం దొరికింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నీటి లోతూ, నీటి పరిమాణమూ ఒకటి కాదు. దిగువన డెక్క పేరుకుపోతే నీరు నిలిచి, రాయి మీద మట్టం పెరిగినట్లు కనపడుతుంది. పారేది మాత్రం తగ్గుతుంది. అందుచేత ఒక్క రాయిని చూసి లెక్క కట్టకూడదు. ఎగువ మట్టం, దిగువ మట్టం రెండూ కలిపి చూడాలి. ఎగువన పెరిగి దిగువన తగ్గితే మధ్యలో అడ్డు ఉన్నదని అర్థం. అనుమానం వస్తే ఇంజనీరును అడగాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. 1997లో చేసిన చట్టం కింద మనకు నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడినవి. కాలువ వెంట నడిచి చేయవలసిన పనులు గుర్తించడం ఆ సంఘాల పనే. ఆ నడకకు ఎగువ రైతునూ శివారు రైతునూ జోడీగా తీసుకుపోండి. బడి పిల్లలను కూడా పిలవండి. పిల్లలకు ఆట, పెద్దలకు పాఠం. తూములు, లాకులు, మైలు రాళ్ళు, బెంచిమార్కులు, గేజి రాళ్ళు ఏవి ఉన్నవో, ఏవి పోయినవో అంకెలతో సహా రాయించండి. ఒకసారి రాసి పెట్టిన చోటు మళ్ళీ పోదు.

పెట్టెలు దాచాలని ముచ్చటపడే పిల్లలకు మూడు మాటలు చెప్పండి. గట్టు తవ్వి దాచవద్దు, గట్టులో చిన్న కంత చాలు రేపు గండి కావడానికి. లాకు తలుపుల మీద, తూము గేట్ల దగ్గర దాచవద్దు, అక్కడ నీరు మనిషిని లాగుతుంది. పోరంబోకు అయినా, పట్టా అయినా అడగకుండా అడుగు పెట్టవద్దు.

ఆనకట్ట కట్టిన నాటివాళ్ళు మైలుకు అడుగు పల్లం పట్టుకుని నీరు నడిపించారు. ఆ అడుగు మనకు వారు దాచిపెట్టి పోయిన పెట్టె. దానిని తెరిచి చూసుకోవాలి, వాడుకోవాలి, ఉన్నచోటనే పెట్టి రావాలి. ఇంటికి తెచ్చుకోకూడదు. మీ పెరట్లో మెట్టుగానో, బట్టలుతికే బండగానో గీతల రాయి ఏదైనా ఉన్నదేమో, ఈ సాయంత్రం ఒకసారి తిప్పి చూడండి.